అసలు పెళ్లా, నటించిన పెళ్లా: వెండితెర ప్రేమల్లో నిజమూ అనుకరణా

ఇరాన్ దర్శకుడు అబ్బాస్ కియరోస్తామీ ఇటలీలో తీసిన 'సర్టిఫైడ్ కాపీ' 2010లో విడుదలైంది. ఆ చిత్రం చూసినవారు సాధారణంగా మొదట అడిగేది ఒకటే: అందులోని ఆడా మగా నిజంగా భార్యాభర్తలా, లేక భార్యాభర్తలుగా నటిస్తున్న అపరిచితులా? చిత్రం దీనికి జవాబు చెప్పదు. దర్శకుడు జవాబును దాచిపెట్టాడని కొందరు, అసలు ఆయనకే తెలియదని కొందరు వాదిస్తారు. ఆ ప్రశ్న వేసిన తీరులోనే చిక్కు ఉందని నా నమ్మకం. కళలో నకలు తీయడం, రంగస్థలం మీద అనుకరించడం, ఎదుటివారిని మోసగించడం అనే మూడు వేరు వేరు పనులను మనం ఒకే తక్కెడలో వేసి తూస్తున్నాం. వాటిని విడదీస్తే తప్ప ఆ జంట మనకు అర్థం కాదు. తిరుపతి, చిత్తూరు ప్రాంతాల్లో ఉండేవారికి ఇలా విడదీయడం కొంత తేలిక, ఎందుకంటే ఇక్కడి గుడులూ జాతరలూ చేతిపనులూ ఈ తేడాలను ఎన్నో తరాలుగా పాటిస్తూ వస్తున్నాయి.

ముందు కథ. జేమ్స్ మిల్లర్ అనే ఆంగ్ల రచయిత టస్కనీలోని అరెట్సో పట్టణానికి వచ్చి తన పుస్తకం గురించి ప్రసంగిస్తాడు. కళలో మంచి నకలుకు కూడా అసలుతో సమానమైన విలువ ఉందని, ఎందుకంటే అది మనల్ని అసలు వైపుకు నడిపిస్తుందని అతని వాదం. అక్కడ పురాతన వస్తువుల దుకాణం నడిపే ఒక ఫ్రెంచి స్త్రీ అతన్ని కారులో దగ్గరలోని లుచిన్యానో అనే ఊరికి తీసుకువెళుతుంది. ఈ స్త్రీకి చిత్రంలో పేరు లేదు. అక్కడి ప్రదర్శనశాలలో ఆమె అతనికి ఒక చిత్తరువు చూపిస్తుంది: అది ప్రాచీన రోమన్ చిత్రమని చాలాకాలం నమ్మారు, తరువాత నకలని తేలింది, అయినా ప్రదర్శనశాల దాన్ని తీసివేయలేదు. జేమ్స్ పెద్దగా ఆశ్చర్యపోడు. అసలు చిత్తరువు మాత్రం ఏమిటి, అందులోని అమ్మాయి అందానికి అదీ నకలే కదా అంటాడు. తరువాత ఒక కాఫీ దుకాణంలో అతను ఫోను మాట్లాడడానికి బయటికి వెళ్లినప్పుడు, దుకాణం నడిపే పెద్దావిడ అతన్ని ఈమె భర్త అనుకుంటుంది. ఈమె కాదనదు. అతను తిరిగి వచ్చాక ఆ సంగతి చెబుతుంది. అక్కడి నుంచి ఇద్దరి మాటతీరూ మెల్లగా మారిపోతుంది. పదిహేనేళ్ల కాపురం చేసిన దంపతుల్లాగా దెప్పిపొడుపులు, పాత కోపాలు, సగంలో ఆగిన క్షమాపణలు మొదలవుతాయి. అంతవరకు ఇంగ్లీషులో మాట్లాడిన మనిషి ఫ్రెంచిలో కూడా మాట్లాడతాడు.

ఇప్పుడు మొదటి ముడి, అంటే వస్తువుల నకలు. శ్రీకాళహస్తి కలంకారీ దీనికి మంచి ఉదాహరణ. గుడ్డను కరక్కాయ రసంలోనూ గేదెపాలలోనూ తడిపి ఆరబెట్టి, చింతపుల్లల బొగ్గుతో బొమ్మ గీసి, వెదురు పుల్లకు ఉన్నిగానీ గుడ్డగానీ చుట్టి చేసిన కలంతో, ఇనుప ముక్కలూ బెల్లమూ నీళ్లలో పులియబెట్టి తీసిన నల్లరంగుతో రేఖలు దిద్దుతారు. ఎర్రరంగు పట్టడానికి పటిక అద్దుతారు, పారే నీళ్లలో ఉతుకుతారు. అంత శ్రమపడి గీసేది మాత్రం కొత్త బొమ్మ కాదు. అదే శ్రీరామ పట్టాభిషేకం, అదే గీతోపదేశం, అదే పార్వతీ కల్యాణం. శిష్యుడు గురువు గీతను చూసి గీస్తాడు, గురువు తన గురువు గీతను చూసి గీశాడు. ఇరవయ్యో శతాబ్దం మధ్యనాటికి దాదాపు అంతరించే స్థితికి వచ్చిన ఈ విద్యను ప్రభుత్వ శిక్షణ కేంద్రం ద్వారా మళ్లీ నేర్పినప్పుడు కూడా నేర్పింది ఇదే, పాత గీతను మళ్లీ గీయడం. ఆ లెక్కన కలంకారీలో అసలు ఎక్కడుందని వెతికితే దొరకదు. ప్రతి గుడ్డా ఒక నకలు, ప్రతి గుడ్డా అసలే.

అయినా తిరుపతి బజారులో ఈ బొమ్మలనే మిషను మీద అచ్చువేసి, చేత్తో గీసిందని చెప్పి అమ్మితే మనకు కోపం వస్తుంది. ఆ కోపం న్యాయమైనది. అయితే కోపం దేని మీద? బొమ్మను తిరిగి వాడుకున్నందుకు కాదు, ఎందుకంటే కలంకారీ పనివాడు కూడా ఆ బొమ్మను తిరిగి వాడుకున్నవాడే. అచ్చువేసినందుకు కూడా కాదు. మచిలీపట్నం వారు చెక్క అచ్చులతోనే కలంకారీ అద్దుతారు, అది అచ్చని చెప్పే అమ్ముతారు, అదీ గౌరవనీయమైన కళే. కోపమంతా ఒక అబద్ధం మీద. ఒక మనిషి రోజుల తరబడి వంగి కూర్చుని పెట్టిన శ్రమ ఇందులో ఉందని, లేని శ్రమను ఉందని చెప్పారు. శ్రీకాళహస్తి కలంకారీకి ఇచ్చిన భౌగోళిక గుర్తింపు కాపాడేది కూడా ఈ విషయాన్నే. ఏ బొమ్మ గీశారన్నది దానికి ప్రధానం కాదు, ఎక్కడ, ఏ పద్ధతిలో గీశారన్నది ప్రధానం. జేమ్స్ మిల్లర్ తన పుస్తకంలో నకలును సమర్థించినప్పుడు ఈ తేడాను సరిగా పట్టించుకోడు. నకలుకు విలువ ఉందన్నమాట నిజమే. కానీ నకలుకూ దొంగసరుకుకూ మధ్య ఉన్న గీత వస్తువులో కనిపించదు, దాన్ని అందించే మనిషి మాటలో ఉంటుంది. ఆ గీత మనుషుల మధ్య ప్రేమకు వచ్చేసరికి మరింత ముఖ్యమవుతుంది.

తిరుమల ఆలయ సంప్రదాయం ఇంకొక మెట్టు ముందుకు వెళుతుంది. ఆలయ పూజావిధిని చెప్పే వైఖానస ఆగమం ప్రకారం గర్భాలయంలోని మూలమూర్తి ధ్రువబేరం, కదలనిది. నిత్యసేవలకు, అభిషేకాలకు, కొలువుకు, ఊరేగింపులకు వేరే మూర్తులున్నాయి. పల్లవ రాణి సామవై సమర్పించిన వెండి విగ్రహం భోగశ్రీనివాసమూర్తి, మూలమూర్తికి ప్రతిరూపం. రాత్రి ఏకాంతసేవ జరిగేది ఆయనకే. ఆయనకు, మూలవిరాట్టుకు మధ్య సంబంధాన్ని నిలిపే కూర్చ ఒకటి ఉంటుంది. మాడవీధుల్లో ఊరేగే మలయప్పస్వామిని చూసి చేతులు జోడించే భక్తుల్లో ఎవరూ తాము స్వామి నకలును చూశామని అనుకోరు. ఇక్కడ ప్రతిరూపం విలువ అది ఎంత అచ్చుగుద్దినట్టు ఉందన్న దాన్ని బట్టి రాదు. మూలంతో సంబంధం తెగకుండా ఉందా లేదా అన్నదాన్ని బట్టి వస్తుంది. మరో సంగతి: మలయప్పస్వామికి, శ్రీదేవి భూదేవులకు నిత్యకల్యాణం జరుగుతుంది. నిన్న జరిగిన పెళ్లి ఇవాళ మళ్లీ జరుగుతుంది. నిన్నటిది అసలు, ఇవాళ్టిది పునఃప్రదర్శన అని ఎవరూ లెక్కకట్టరు. ఒక పెళ్లిని మళ్లీ మళ్లీ చేయడం దాన్ని పలచబరచదని, అదే దాన్ని నిలబెడుతుందని నమ్మే సంప్రదాయం ఇది.

అన్నమయ్య పాటల సంగతీ ఇక్కడే చెప్పాలి. 1408లో పుట్టి 1503లో కన్నుమూశాడని చెప్పే ఆ తాళ్లపాక కవి సంకీర్తనలు రాగిరేకుల మీద నిలిచాయి. రేకుల మీద రాగం పేరు ఉంది, స్వరం లేదు. ఈనాడు మనం వినే వరుసలు చాలావరకు ఇరవయ్యో శతాబ్దంలో రాళ్లపల్లి అనంతకృష్ణశర్మ వంటి విద్వాంసులు, వారి తరువాతివారు కట్టినవి. మాట అన్నమయ్యది, గొంతులో పలికే వరుస నిన్నమొన్నటిది. పైగా అన్నమయ్య శృంగార సంకీర్తనల్లో ఎన్నింటిలోనో మాట్లాడేది స్త్రీ: అలిగిన అలమేలుమంగ, ఎదురుచూసే చెలి, దెప్పే సఖి. ఒక పురుషుడు స్త్రీ గొంతును అరువు తెచ్చుకుని రాసిన విరహం అది. దాన్ని విని కళ్లు తడిసినవారు అది ఎవరి విరహమని అడగరు. ఎందుకు అడగరన్నదే మన రెండో ముడి.

ఈ ముడిని విప్పడానికి మన అలంకారశాస్త్రంలో వెయ్యేళ్ల నాటి చర్చ ఒకటి ఉంది. నాట్యశాస్త్రం మొదటి అధ్యాయంలోనే నాట్యాన్ని రెండు విధాలుగా చెప్పారు: ఒకచోట "లోకవృత్తానుకరణం" అన్నారు, మరొకచోట "భావానుకీర్తనం" అన్నారు. లోకంలోని నడతను అనుకరించడమా, భావాలను తిరిగి పలకడమా? శ్రీశంకుకుడనే కాశ్మీర పండితుడు అనుకరణ పక్షం వహించాడు. నటుడు రాముడి ప్రేమను అనుకరిస్తాడు, ఆ అనుకరణ నుంచి ప్రేక్షకుడు ప్రేమను ఊహించి తెలుసుకుంటాడు, ఆ అనుకరించిన స్థాయీభావమే, అంటే ప్రేమ వంటి నిలకడైన భావమే, రసమని అతని సిద్ధాంతం. ఆ ఊహ ఎలాంటిదో చెప్పడానికి అతను గీసిన గుర్రాన్ని చూపించాడు. గోడ మీద గుర్రం బొమ్మను చూసి మనం గుర్రం అంటాం. అది నిజమైన గుర్రమని నమ్మం, అబద్ధపు గుర్రమని తోసిపుచ్చం, గుర్రమో కాదో అని సందేహపడం, గుర్రంలాంటిది అని పోలికా చెప్పం. ఈ నాలుగూ కాని ఐదో రకం ఎరుక ఒకటి కళ ముందు నిలబడినప్పుడు కలుగుతుంది. కియరోస్తామీ చిత్రం చూస్తున్నప్పుడు మన స్థితి సరిగ్గా ఇదే. వాళ్లు దంపతులన్నది నిజమూ కాదు, అబద్ధమూ కాదు, సందేహమూ కాదు, పోలికా కాదు. శంకుకుడి గ్రంథం మనకు దక్కలేదు. అతని వాదాన్ని ఖండించిన అభినవగుప్తుడు నాట్యశాస్త్రానికి రాసిన వ్యాఖ్యానంలో మాత్రమే అది మిగిలింది. ఒక సిద్ధాంతం దాని ప్రత్యర్థి నిజాయితీ వల్ల బతికిందన్నది నాకు ఎప్పుడూ గౌరవం కలిగించే విషయం.

అభినవగుప్తుడు తన గురువు భట్టతౌతుడి ఆక్షేపణను కూడా అక్కడే భద్రపరిచాడు. అది చాలా సూటి ప్రశ్న. ఒకదాన్ని అనుకరించాలంటే ముందు దాన్ని చూసి ఉండాలి. సీత మీద రాముడికున్న ప్రేమను చూసినవారెవరు? నటుడు చూడలేదు, ప్రేక్షకుడు చూడలేదు. చూడని దానికి అనుకరణ ఎలా కుదురుతుంది? నడకను, గొంతును, కన్నీటిని అనుకరించవచ్చు. మనసులోని భావాన్ని అనుకరించడమంటే అర్థమే లేదు. కాబట్టి రంగస్థలం మీద జరుగుతున్నది నకలు తీయడం కాదు. ప్రేక్షకుడిలో ఇప్పటికే ఉన్న వాసనను, అంటే మనసులో నిద్రాణంగా ఉన్న సంస్కారాన్ని మేల్కొల్పడం. అక్కడ మేల్కొన్న ప్రేమ రాముడిదీ కాదు, నటుడిదీ కాదు, ప్రత్యేకించి నాదీ కాదు.

ఈ ఆక్షేపణను తీసుకువెళ్లి లుచిన్యానోలో తిరుగుతున్న ఆ జంటకు వర్తింపజేస్తే చిక్కు సగం విడిపోతుంది. వాళ్లు నటిస్తున్నారనుకుందాం. అయితే దేనికి నకలుగా నటిస్తున్నారు? ఆ కాపురానికి మూలప్రతి ఎక్కడుంది? వాళ్లకు ముందు అలాంటి కాపురం ఏదీ లేదు. వాళ్లు పలికే మాటలు, ఆ కోపాలు, ఆ అలసట అప్పుడే పుట్టాయి. పోనీ నిజంగా దంపతులే, పొద్దున పరాయివాళ్లలా నటించారనుకున్నా, అపరిచితులుగా వాళ్లు పడిన సంకోచానికి కూడా మూలప్రతి లేదు. ఏవైపు నుంచి వచ్చినా అసలు, నకలు అనే జత ఇక్కడ అతకదు. ఆ జత చిత్తరువులకు పుట్టింది, దాన్ని మనసులకు తగిలించాం.

అనుకరణ నిజాన్ని కప్పకుండా, దాన్ని బయటికి రప్పించే సందర్భాలు తిరుపతివారికి కొత్త కాదు. తాతయ్యగుంట గంగమ్మ జాతరలో బైరాగి వేషం, బండ వేషం, తోటి వేషం, దొర వేషం, మాతంగి వేషం వంటివి రోజుకొకటి వేస్తారు. ఆడపిల్లలను చెరిచే పాలెగాడిని శిక్షించడానికి అమ్మవారు వేషాలు మార్చుకుంటూ వెతికిందని, దాక్కున్నవాడు దొరే వచ్చాడనుకుని బయటికి వస్తే సంహరించిందని కథ. మగవాళ్లు చీర కట్టుకుని, గాజులు తొడుక్కుని మొక్కు తీర్చుకుంటారు. ఆ చీర కట్టిన మగవాడు ఎవరినీ మోసగించడం లేదు, అతను మగవాడని అందరికీ తెలుసు. ఇక్కడ వేషమే పూజ. చిత్తూరు జిల్లా పల్లెల్లో ధర్మరాజుల గుడుల దగ్గర జరిగే భారత ఉత్సవాల్లో అర్జునుడి వేషధారి తపస్సుమాను ఎక్కుతున్నప్పుడు కింద పిల్లలు లేని స్త్రీలు తడిబట్టలతో సాష్టాంగపడి ఉంటారు. పైన ఉన్నది పక్క ఊరి నటుడని వారెరుగుదురు. వారి ప్రార్థనలో అంతమాత్రాన లోటు రాదు.

ఇక సినిమాకు వద్దాం. ఈ విషయంలో తెలుగు సినిమాకు ప్రపంచంలో ఎవరికీ తీసిపోని ఉదాహరణ ఉంది. 1955లో విజయా సంస్థ నిర్మించగా ఎల్.వి. ప్రసాద్ దర్శకత్వం వహించిన 'మిస్సమ్మ'లో పెళ్లికాని ఇద్దరు పట్టభద్రులు ఉద్యోగం కోసం భార్యాభర్తలమని చెప్పుకుంటారు, ఎందుకంటే ఆ బడి పెట్టిన జమీందారుకు దంపతులైన ఉపాధ్యాయులే కావాలి. మేరీకి అప్పు తీర్చాల్సిన అవసరం, రావుకు పొట్టకూటి అవసరం. ఇది మోసమే, ఇందులో అనుమానం లేదు. మోసపోతున్నది జమీందారు దంపతులు. కానీ ఆ ఇద్దరి మధ్య మోసం లేదు, ఒప్పందం ఉంది. ఒకే ఇంట్లో ఉంటూ, పదిమందిలో మొగుడూపెళ్లాల్లా మసలుతూ, గుమ్మం లోపలికి రాగానే విడిపోయే ఆ నటనలో ఏదో ఒక చోట గీత చెరిగిపోతుంది. జమీందారు కూతురికి రావు సంగీతం చెబుతుంటే మేరీకి అసూయ కలుగుతుంది.

ఆ అసూయ దగ్గర నేను ఎక్కువసేపు ఆగాలనుకుంటున్నాను. భార్యగా నటిస్తున్న మనిషికి అసూయ పడే హక్కు లేదు, ఎందుకంటే ఆమె భార్య కాదు. అసూయ నటించాల్సిన అవసరమూ లేదు, ఎందుకంటే ఒప్పందంలో అది లేదు. ఎవరూ అడగకుండా, ఎవరి కోసమూ కాకుండా, తనకే ఇష్టం లేకుండా వచ్చిన భావం అది. నటన ఎక్కడ ఆగి ప్రేమ ఎక్కడ మొదలైందని అడిగితే వేలు పెట్టి చూపించగలిగిన చోటు అదొక్కటే. అనుకరించే మనిషి లెక్కలో లేని ఖర్చు పెట్టవలసి వచ్చినప్పుడు ఆ అనుకరణలో నిజం ప్రవేశించిందని గుర్తు. కియరోస్తామీ చిత్రంలో కూడా అలాంటి చోటు ఉంది, అది కాపురం నటన మొదలవకముందే వస్తుంది. తన పుస్తకానికి ప్రేరణ చెబుతూ జేమ్స్, ఫ్లారెన్సులోని ఒక కూడలిలో డేవిడ్ విగ్రహం ముందు నిలబడిన ఒక తల్లినీ కొడుకునూ చూశానంటాడు. మైకెలాంజిలో చెక్కిన అసలు విగ్రహాన్ని 1873లోనే లోపలికి తరలించారు, 1910 నుంచి ఆ కూడలిలో ఉన్నది నకలు. ఆ తల్లి ముందు నడుస్తూ, కొడుకు వెనక మెల్లగా వస్తూ ఉండడం గురించి అతను చెబుతుంటే వింటున్న ఆమె కళ్లు నిండుతాయి. ఆ తల్లి తానేనా? చిత్రం చెప్పదు. కాకపోయినా, ఒక నకలు విగ్రహం ముందు నిలబడిన ఎవరో తల్లి కథకు ఆమె తన కన్నీటిని ఇచ్చింది, ఆ కన్నీరు ఎవరిదో అరువు తెచ్చింది కాదు.

'మిస్సమ్మ' చుట్టూ ఉన్న వాస్తవాలు కథకన్నా లోతైనవి. కథకు మూలం ఒక బెంగాలీ నాటకం. తెలుగుతోపాటే తమిళంలో 'మిస్సియమ్మ'గా తీశారు, 1957లో హిందీలో 'మిస్ మేరీ'గా వచ్చింది. మూడింటికీ దర్శకుడు ఎల్.వి. ప్రసాదే. తెలుగులో సావిత్రి పక్కన ఎన్.టి. రామారావు, తమిళంలో అదే సావిత్రి పక్కన జెమినీ గణేశన్. వాళ్లిద్దరూ 1952లోనే పెళ్లి చేసుకున్నారు, ఆ సంగతి కొన్నేళ్లపాటు లోకానికి తెలియనివ్వలేదు. అంటే తమిళ చిత్రంలో, నిజంగా భార్యాభర్తలైన ఇద్దరు, ఆ సంగతిని లోకానికి దాచి, భార్యాభర్తలు కాని ఇద్దరిగా నటిస్తూ, ఆ పాత్రలు భార్యాభర్తలుగా నటించడాన్ని నటించారు. అసలు కాపురం ఉన్నందువల్ల తమిళ ప్రతి ఎక్కువ నిజంగా ఉండాలి కదా? రెండూ చూసినవారెవరూ అలా అనలేరు. తెలుగులో రామారావు మీద మేరీకి వచ్చిన కోపం, అలక, చివరికి లొంగిపోయిన ప్రేమ తమిళంలో కన్నా ఒక్క వీసం తక్కువ కాదు. నటి జీవితంలోని నిజం తెర మీది నిజానికి పూచీ కాదు. తెర మీది నిజం మరెక్కడి నుంచో వస్తుంది, బహుశా భట్టతౌతుడు చెప్పిన చోటు నుంచే.

సావిత్రే 1957లో 'మాయాబజార్'లో ఈ ప్రశ్నను నవ్వుల్లో పెట్టి చూపింది. శశిరేఖగా ఆమె, మాయాశశిరేఖగానూ ఆమె; మాయాశశిరేఖ లోపల ఉన్నది ఎస్.వి. రంగారావు ఘటోత్కచుడు. ఒక స్త్రీ, స్త్రీ వేషంలో ఉన్న ఒక మగ రాక్షసుడిగా నటించాలి, అదీ రంగారావు నడక, చూపు, హుంకారం గుర్తుకొచ్చేలా. పెళ్లి చేసుకోబోతున్న లక్ష్మణకుమారుడికి ఎదురుగా ఉన్నది అచ్చం శశిరేఖే. ప్రేమించిన అభిమన్యుడికి మాత్రం ఆ నకలు అక్కర్లేదు. రూపం ఒకటే అయినా ఒకరికి చాలినది మరొకరికి చాలకపోవడంలోనే ఆ కథ బలమంతా ఉంది.

ఇక్కడే జేమ్స్ మిల్లర్ వాదం కూలిపోతుంది. చిత్తరువు విషయంలో మనకు కావలసింది ప్రధానంగా దాని రేఖ, రంగు, అది కలిగించే అనుభవం; మంచి నకలు ఆ అనుభవాన్ని చాలావరకు ఇవ్వగలదు. మనిషిని ప్రేమించినప్పుడు మనకు కావలసింది ఆ మనిషి గుణాల మొత్తం కాదు. అవే కళ్లు, అదే తెలివి, అదే చిరునవ్వు ఉన్న మరొకరిని తెచ్చి నిలబెడితే ప్రేమ వారి మీదికి బదిలీ కాదు. కియరోస్తామీ చిత్రంలో ఆ స్త్రీ 'మరీ' అనే పేరున్న తన చెల్లెలి గురించి చెబుతుంది: భర్తకు నత్తి, భార్య పేరును తడబడుతూ మొదటి అక్షరాన్ని మూడు నాలుగు సార్లు పలుకుతాడు, చెల్లెలికి అది ప్రేమగీతంలా వినిపిస్తుంది. నత్తి గుణం కాదు, లోపం. దాన్ని ప్రేమించడానికి కారణం అది ఆ మనిషిది కావడమే. అసలును మరచి నకలుతో తృప్తిపడమని రాసిన రచయితకు ఎదురుగా కూర్చుని ఆమె చెప్పిన ఈ చిన్న సంగతికి అతని దగ్గర సరైన జవాబు లేదు.

అసలు మనిషిని నకలుగా మార్చమని బలవంతపెడితే ఏమవుతుందో ఆల్‌ఫ్రెడ్ హిచ్‌కాక్ 1958లో 'వెర్టిగో'లో చూపించాడు. తాను ప్రేమించిన స్త్రీ చనిపోయిందని నమ్మిన నాయకుడు, ఆమె పోలికలున్న జూడీ అనే అమ్మాయిని పట్టుకుని, అదే బూడిదరంగు దుస్తులు, అదే జుట్టు రంగు, అదే ముడి వేయించి పాత స్త్రీగా తయారుచేస్తాడు. తనను తానుగా ప్రేమించమని జూడీ బతిమాలుతుంది, అతను వినడు. ఆ పాత స్త్రీగా మొదట నటించి అతన్ని మోసగించింది ఈ జూడీయే అన్నది కథలోని మలుపు. కాబట్టి అతను అసలనుకున్నదే ఒక వేషం, నకలనుకుని తోసిపారేస్తున్నదే అసలు మనిషి. 'మిస్సమ్మ'లోలాగే ఇక్కడ కూడా నటన లోపల ప్రేమ పుట్టింది, జూడీ నిజంగానే అతన్ని ప్రేమించింది. మరి ఒక కథ పెళ్లితో, మరో కథ మరణంతో ఎందుకు ముగిసింది? మేరీ, రావు ఇద్దరూ తాము ఆడుతున్నది ఆట అని తెలిసి ఆడారు. జూడీ ఆటలో ఒకరికే తెలుసు, రెండోవారు మోసపోయారు. తరువాత అతను ఆడించిన ఆటలో ఆమెకు ఇష్టం లేదు. శ్రీకాళహస్తి గుడ్డ విషయంలో మనం గీసుకున్న గీతే ఇది. అనుకరణ తప్పు కాదు, ఒకరి కళ్లకు గంతలు కట్టి చేసే అనుకరణ తప్పు.

కియరోస్తామీ స్వయంగా ఈ గీత మీద నడిచాడు. 'సర్టిఫైడ్ కాపీ' కథను మొదట అందులో ఆ స్త్రీగా నటించిన జూలియెట్ బినోష్‌కు తన జీవితంలో జరిగినట్టు చెప్పి, ఆమె పూర్తిగా నమ్మాక ఇది జరగలేదన్నాడట. ఆమే ఈ సంగతి చెప్పింది. ఆ పాత్రకు ఆమె కాన్ చిత్రోత్సవంలో ఉత్తమ నటి పురస్కారం అందుకుంది. ఆమెకు ఎదురుగా జేమ్స్ పాత్రలో నిలబడిన విలియం షిమెల్ ఒపెరా గాయకుడు, సినిమాకు కొత్తవాడు. ఒకరు ఆరితేరిన నటి, మరొకరు కెమెరా ముందు ఇంకా తడుముకునే మనిషి. ఆ అసమానత కథకు ఉపయోగపడింది: ఆమె ఆటలోకి ముందుగా దిగుతుంది, అతను వెనకబడుతూనే ఉంటాడు.

చివరిగా మన ఊరి సంగతి. ఈ మధ్య తిరుపతి చుట్టుపక్కల పెళ్లిళ్లకు ముందు ప్రీ వెడ్డింగ్ షూట్ ఒక తంతుగా మారింది. తలకోన అడవిలోనో, చంద్రగిరి వైపో, పెద్దలు కుదిర్చిన సంబంధమై ఒకరితో ఒకరు నాలుగు మాటలు కూడా సరిగా మాట్లాడుకోని అమ్మాయీ అబ్బాయీ, ఫోటోగ్రాఫర్ చెప్పినట్టు చేయి పట్టుకుంటారు, నుదురు ఆనించుకుంటారు, సినిమా పాటలోని జంటలా పరిగెత్తుతారు. పెద్దవాళ్లు దీన్ని బూటకమంటారు. నేను అంత తొందరగా తీర్పు చెప్పలేను. సినిమా ఒకప్పుడు జీవితంలోని ప్రేమను చూసి నేర్చుకుందని అనుకునేవాళ్లం. ఇప్పుడు జీవితం సినిమాను చూసి నేర్చుకుంటోంది, ఇందులో కంగారుపడవలసింది కొంత ఉంది. ముఖ్యంగా ఆ ఫోటోలు చూసేవారి కోసమే తీసి, ఆ ఇద్దరికీ అందులో ఏమీ మిగలకపోతే అది అచ్చుగుడ్డను చేతిపనిగా అమ్మడమే. కానీ పెళ్లిపీటల మీద కూడా మన వరుడు శ్రీమన్నారాయణుడు, వధువు శ్రీమహాలక్ష్మి. పురోహితుడు చెప్పిన మాటను తిరిగి చెబుతారు, చూపించిన దిక్కున అరుంధతిని చూస్తారు. ఆ అనుకరణలన్నింటినీ ఒప్పుకుని, కెమెరా చెప్పిన అనుకరణను మాత్రం కాదనడానికి నాకు తగిన కారణం కనిపించదు. శ్రీనివాసమంగాపురంలో కొత్త దంపతులు మొక్కుకునేది కూడా, పెళ్లైన శ్రీనివాసుడు పద్మావతితో అక్కడ కొంతకాలం ఉన్నాడన్న కథను తమ అడుగులతో మరోసారి నడవడమే.

చెప్పించుకుని చేసిన పని ఎంతవరకు సొంతమవుతుందన్న దానికి ఆ ఇటలీ చిత్రంలోనే ఒక సన్నివేశం ఉంది. ఊరి కూడలిలో జేమ్స్‌ను ఒక వృద్ధుడు పక్కకు పిలిచి, ఆమెకు కావలసిందల్లా పక్కన నడుస్తూ ఆమె భుజం మీద ఒక చెయ్యి వేయడమేనని తండ్రిలా చెబుతాడు. జేమ్స్ ఆ మాట విని, నడుస్తూ నడుస్తూ ఆమె భుజం మీద చెయ్యి వేస్తాడు. ఫోటోగ్రాఫర్ చెబితే వేసిన చేతికీ దీనికీ పైకి తేడా లేదు, అయినా ఆమె దాన్ని మనసారా స్వీకరిస్తుంది. భోజనశాలకు వెళ్లాక లోపలికి వెళ్లి పెదాలకు రంగు వేసుకుని, చెవులకు రింగులు పెట్టుకుని అతని ఎదుట వచ్చి కూర్చుంటుంది. ఆ సమయంలో ఏం చేయాలో చెప్పడానికి ఏ వృద్ధుడూ పక్కన లేడు. అతను ఆమె ముఖం వైపు చూడకుండా, తెచ్చిన వైన్ పాడైందని వడ్డించేవాడి మీద కోపం తెచ్చుకుంటాడు.